మూడో పోర్టులో ఇనుప ముక్క

నాకు ముక్కు మీద కోపం. మా ఆవిడ ఈ సంగతి పెళ్లైన వారానికి కనిపెట్టింది. మా మామయ్యకి అంతకు ఎనిమిదేళ్ల ముందే తెలుసు, అప్పటికే నేను ఆయన షెడ్డులో పనివాణ్ణి. తెలిసి తెలిసి పిల్లనిచ్చారు. "వీడి కోపం స్పానర్లమీద పోతుందిలే, మనుషులదాకా రాదు" అని అత్తయ్యని ఒప్పించారట. పాపం, ఆయన అంచనా తప్పింది. ఆ రోజు నా కోపం సరాసరి ఆయనమీదికే వెళ్లింది, ఆయన పని మానేస్తానన్నారు.

ఆయనకి అరవై ఏడేళ్లు. డీజిల్ బండ్ల షెడ్డు ఆయనదే. రెండు బండ్లు పక్కపక్కన పట్టేంత చోటు, వెనక విడి భాగాలు కడిగే తొట్టి, దాని పక్కన రేకు బల్ల. రెండేళ్లుగా మామయ్య ఆ బల్ల దగ్గరే ఉంటున్నారు. నేను ఇంజన్ విప్పి భాగాలు తెచ్చి ఇస్తే కడుగుతారు, గీకుతారు, తుడుస్తారు. ఇంజన్ మీద మాత్రం చెయ్యి వెయ్యరు. కుడిచెయ్యి కొద్దిగా వణుకుతుంది. ఆ వయసులో చాలామందికి వణికేంతే.

ఆ పొద్దున పిల్లల వ్యాన్ నడిపే అక్క వచ్చింది. చక్రాల కుర్చీల్లో ఉండే పిల్లల్ని బడికి తీసుకెళ్లి తెచ్చే వ్యాన్ అది. అక్క యాభై దాటిన మనిషి, గట్టి గొంతు, మాటకి ముందు నవ్వు. ఆ రోజు నవ్వు లేదు.

"ఎత్తు వచ్చిందంటే చాలు తమ్ముడూ, దిగి తొయ్యాలనిపిస్తోంది. వెనకాల నల్లటి పొగ. నిన్న వంతెన మధ్యలో ఆగిపోయింది. లోపల ఐదుగురు పిల్లలు, ఒక్కరూ దిగి నడవలేరు. నా ప్రాణం పోయిందనుకో. ఇవాళ్టికి ఇంకో వ్యాన్ చూశాను. రేపు పొద్దున్నకి మాత్రం ఇది కావాలి."

"ఎలా నడుపుతావమ్మా?" అని అడిగారు మామయ్య, బల్ల దగ్గరనుంచే.

"చాలా మెల్లగా బాబాయ్‌గారూ. ముప్ఫై దాటను, కుదుపులకి పిల్లలు తట్టుకోలేరు. ఇంటింటి ముందూ ఆగాలి కదా, అప్పుడు కూడా ఇంజన్ ఆపను. ఏసీ ఆగితే వాళ్లకి ఊపిరి ఆడదు."

"అదీ సంగతి. మరీ ముద్దు చేశావు. దాని గొంతుకి మసి అడ్డం పడింది."

ఈ రకం ఇంజన్లకి ఒక అలవాటు ఉంది. తాము వదిలిన పొగలో కొంత మళ్లీ తామే పీల్చుకుంటాయి. గాలి కాలుష్యం తగ్గడానికి అలా పెట్టారు. ఆ పొగలో మసి ఉంటుంది. ఇంకో గొట్టంలోంచి ఇంజన్ ఆయిల్ ఆవిరి వస్తుంది. ఈ రెండూ గాలి వెళ్లే దారిలో కలిసి గోడలకి తారులా పట్టేస్తాయి. పెద్ద రోడ్డు మీద గట్టిగా పరిగెత్తే బండికి ఇది తక్కువ. నడక లాంటి వేగంతో, నిలబడి నిలబడి తిరిగే బండికి ఎక్కువ. అక్క పిల్లల్ని ఎంత జాగ్రత్తగా తిప్పిందో వ్యాన్‌కి అంత మసి పట్టింది. ఇది అన్యాయమే. ఇంజన్లకి న్యాయం తెలియదు.

ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ విప్పి అక్కకి చూపించాను. గాలిని నాలుగు సిలిండర్లకీ పంచే గొట్టాల గుత్తి అది. రెండు వేళ్లు పట్టాల్సిన కన్నంలో పెన్సిల్ కూడా దూరేలా లేదు.

"ఇందులోంచా ఇది ఊపిరి పీలుస్తోంది!" అంటూ అక్క నోరు నొక్కుకుంది.

విప్పిన గుత్తిని ఎంతసేపైనా నానబెట్టి కడగొచ్చు. అసలు చిక్కు ఇంజన్‌లో ఉండిపోయే పోర్టులతో, అంటే గాలి సిలిండర్‌లోకి దిగే చివరి దారులతో. అక్కడి తారుని కొక్కెం లాంటి స్క్రేపర్‌తో గీకి, వాక్యూమ్‌తో లాగెయ్యాలి. పోర్టు చివర వాల్వులుంటాయి. అవి మూసి ఉంటే గీకిన చెత్త అక్కడే ఆగుతుంది. తెరిచి ఉంటే సిలిండర్‌లో పడుతుంది. మసి పెళ్ల పడితే కాలిపోతుందేమోగానీ, ఇనుము పడితే ఇంజన్ గతి అంతే. అందుకే మామయ్య ఒక పద్ధతి పెట్టారు. ఇంజన్‌ని స్పానర్‌తో చేత్తో తిప్పి, అద్దం పెట్టి చూసి, వాల్వులు మూసి ఉన్నాయని తేలాకే ఆ పోర్టు పైన సుద్దతో గీత గియ్యాలి. గీత లేని పోర్టులో స్క్రేపర్ పెట్టకూడదు. నేను పనిలో చేరిన రోజే చెప్పిన మాట అది.

సాయంత్రానికి పని తెమలాలంటే నేనొక్కణ్ణీ చాలను. "మామయ్యా, ఒకటి, రెండు నేను చూస్తాను. మూడు, నాలుగు మీరు చూడండి" అన్నాను.

"నేనా?"

"మరెవరు, అక్క చేస్తుందా?"

ఆయన చేతులు తుడుచుకుని వచ్చారు. వచ్చేటప్పుడు ఇష్టంగానే వచ్చారు, ఆ సంగతి నేను గమనించాను. రెండేళ్ల తరవాత మళ్లీ ఇంజన్ మీదికి వంగారు.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. చెప్పడం నాకు ఇష్టం లేదు.

రెండేళ్ల కిందట ఒక పాల వ్యాన్‌కి ఇదే పని చేశాం. పోర్టులు మామయ్య గీకారు. మ్యానిఫోల్డ్ నేను బిగించాను. బిగిస్తూ ఉంటే ట్రేలో ఒక వాషరు తక్కువొచ్చింది. బిగించడం మొదలుపెట్టినప్పుడు లెక్క సరిగ్గా ఉందని నాకు బాగా గుర్తుంది. వెతకాలి. వెతకాలంటే బిగించిందంతా మళ్లీ విప్పాలి. పాలాయన నెత్తిమీద కూర్చుని ఇంకా ఎంతసేపు, ఇంకా ఎంతసేపు అంటున్నాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. డబ్బాలోంచి ఇంకో వాషరు తీసి వేసి బిగించేశాను. నాలుగు రోజులు బండి బాగానే తిరిగింది. ఐదో రోజు ఇంజన్ లోపల సమ్మెట దెబ్బల్లాంటి మోత అని ఈడ్చుకొచ్చారు. విప్పి చూస్తే పిస్టన్ నెత్తిన నలిగి అంటుకుపోయిన వాషరు.

నేను నోరు తెరిచేలోపే మామయ్య, "పోర్టులు గీకింది నేనే. నా చెయ్యి వణుకుతోంది. నేనే జారవిడిచి ఉంటాను" అన్నారు. పాలాయన ఆయన చేతి వంక చూసి తలాడించాడు. సాయంత్రం చెబుదాంలే అనుకున్నాను. సాయంత్రం రేపన్నాను. వారం గడిచాక చెప్పడానికి మొహం చెల్లలేదు. మామయ్య తనంతట తానే రేకు బల్ల దగ్గరికి మారిపోయారు.

మొన్నొక రోజు మా ఆవిడ అంది. "నాన్న ఇంట్లో గాజు గ్లాసు కూడా రెండు చేతులతో పట్టుకుంటున్నారు. వణుకు అంతే ఉంది, పెరగలేదు. భయం పెరిగింది." నేను విననట్టు టీవీ సౌండు పెంచాను. అదీ నా సంగతి.

ఆ రోజు మధ్యాహ్నానికి నా రెండు పోర్టులూ అయ్యాయి. మామయ్య మూడోదాని మీద ఉన్నారు. తారు లోపల గట్టిపడిపోయింది, గీకుతుంటే రాయిని గీకినట్టు చప్పుడు. టిఫిను చెయ్యలేదు నేను, తల నొప్పి, పైగా వాక్యూమ్ మాటిమాటికీ మూసుకుపోతోంది. మొహం చిటపటలాడిస్తూ తిరుగుతున్నాను. అంతలో ఆ చప్పుడు ఆగింది.

"అల్లుడూ, ఒకసారి రా. కొక్కెం మొన విరిగింది."

వెళ్లి చూశాను. బియ్యపు గింజంత ముక్క లేదు.

"ఎక్కడ పడింది?"

"కనబడటం లేదు. లోపలే ఉండి ఉంటుంది."

"వాల్వులు మూసే ఉన్నాయిగా?"

"మూసే ఉన్నాయి. చూశాను. చూశాననే అనుకుంటున్నాను."

మూడో పోర్టు పైన చూశాను. సుద్ద గీత లేదు. సుద్దముక్క నా జేబులో ఉంది. కసురుకుంటానేమోనని ఆయన నన్ను అడగలేదు. అది నాకు అప్పుడు తట్టలేదు, తట్టినా ఆగేవాణ్ణి కాదేమో.

"అనుకోవడమేంటి మామయ్యా? అనుకుంటే సరిపోతుందా? గీత పెట్టమని ఊరందరికీ చెప్పేది మీరేగా! చేతులు నిలవనివాళ్లు నిలవవని చెప్పొచ్చుగా! ఒక ఇంజన్ పోగొట్టింది చాలదా, మళ్లీ ఇదా?"

"మళ్లీ" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి అంత సులువుగా ఎలా వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. రెండేళ్లు ఒక అబద్ధాన్ని మోస్తే అది నిజం కంటే బాగా నోటికి అలవాటవుతుందేమో.

తలుపు దగ్గర పాత సీటు మీద కూర్చున్న అక్క చేతిలోని టీ గ్లాసు కింద పెట్టింది. మామయ్య స్క్రేపర్ బల్లమీద పెట్టి, తొట్టి దగ్గరికి వెళ్లి, సబ్బు రాసుకుని చేతులు కడుక్కున్నారు. చాలాసేపు కడుక్కున్నారు.

"నిజమే అల్లుడూ. రెండుసార్లయింది. మూడోసారి దాకా ఆగడం తప్పు. ఈ ముక్క వెతికి పెట్టి వెళ్తాను. రేపట్నుంచి రాను. మీ అత్తయ్య ఎప్పట్నుంచో మానెయ్యమంటోంది." గొంతు మామూలుగానే ఉంది. ముక్కని వెతకడానికి తెల్ల కాగితాలు తెస్తానని వెనక గదిలోకి వెళ్లారు.

నేను దీపం తెచ్చి ఇంజన్ మీద తగిలించాను. చేతులకి పని కల్పించాలి కదా.

"తమ్ముడూ, ఒక్క మాట అడగనా?" అంది అక్క. "మొన విరిగిందని ఆయన చెప్పకపోతే నీకు తెలిసేదా?"

తెలిసేది కాదు. ఇంకో స్క్రేపర్ తీసుకుని పని కానిచ్చేస్తే ఎవరికీ తెలిసేది కాదు.

"నా వ్యాన్‌లో పిల్లల్ని ఎక్కించే అమ్మాయి ఉంది. ఒకరోజు సగం దారిలో బండి ఆపమంది. ఒక పిల్లాడి కుర్చీకి బెల్టు పెట్టానో లేదో గుర్తు లేదంది. చూస్తే పెట్టే ఉంది. తోటివాళ్లంతా ఆ పిల్లకి మతిమరుపని వెక్కిరించారు. నాకు మాత్రం ఆ రోజునుంచి ఆ పిల్ల ఉంటేనే ధైర్యం. బాబాయ్‌గారు బండి మీద పనిచేస్తే నేను మారుమాట లేకుండా పిల్లల్ని ఎక్కిస్తాను."

ఆవిడ నన్ను తిట్టినా అంత సిగ్గుపడేవాణ్ణి కాదు. మొహం వేడెక్కింది. ఆయన తన చేతుల్ని తిట్టుకుంటూ ఇంటికి వెళ్లిపోతారు, ఇక ఎప్పటికీ రారు, నేను హాయిగా షెడ్డు యజమానినవుతాను. అదే ఊహించుకుంటూ చెక్క పుల్ల ఒకటి వెతికి తీశాను.

అక్క ఫోను మాట్లాడుతూ బయటికి వెళ్లింది. మామయ్య కాగితాలు పరిచారు. వాక్యూమ్ డబ్బాలో చెత్త కొంత, పోర్టులో మిగిలిన తారు కొంత. నేను చెక్క పుల్లతో పోర్టులోంచి కొద్దికొద్దిగా తీసి ఇస్తున్నాను, ఆయన కాగితం మీద పలచగా పరిచి అయస్కాంతం తిప్పుతున్నారు. ఒక కాగితం అయింది. రెండోది అయింది. చెబితే ఇప్పుడే చెప్పాలనిపించింది. ముక్క దొరికాక అందరి మనసులూ తేలికపడ్డాక చెబితే, అది కూడా ఒక రకంగా తప్పించుకోవడమే.

"మామయ్యా, ఆ పాల వ్యాన్‌లో వాషరు మీరు పడేసింది కాదు."

అయస్కాంతం తిరుగుతూనే ఉంది. "ఇప్పుడెందుకులే అవన్నీ. నన్ను ఊరడించక్కర్లేదు."

"ఊరడించడం కాదు. నేను బిగిస్తున్నప్పుడు ట్రేలో ఒకటి తగ్గింది. నాకు తెలుసు. వెతకలేదు. డబ్బాలోంచి ఇంకోటి తీసి వేశాను."

చెయ్యి ఆగింది.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"అప్పుడే."

"అప్పుడే అంటే? ఇంజన్ విప్పినప్పుడా?"

"బిగించినప్పుడే. మీరు తప్పు మీ మీద వేసుకున్నప్పుడు కూడా తెలుసు."

ఆయన స్టూలు వెనక్కి జరుపుకుని కూర్చున్నారు. చాలాసేపు తన చేతుల వంక చూసుకున్నారు. తారు అంటుకుని నల్లగా ఉన్నాయి, కుడిచెయ్యి ఎప్పటిలాగే వణుకుతోంది. నన్ను కొడతారేమో అనుకున్నాను. కొడితే బాగుండును అనిపించింది.

"నేను డాక్టరు దగ్గరికి వెళ్లాను, తెలుసా?" అన్నారు. "మీ అత్తయ్యకి కూడా చెప్పలేదు. చేతిలోంచి వస్తువు జారిపోయినా తెలియడం లేదు, నరాలు చచ్చిపోయాయేమో చూడమన్నాను. సూదులు గుచ్చి చూశాడు, కరెంటు పెట్టి చూశాడు. ఏ రోగమూ లేదు, నిక్షేపంలా ఉన్నాయన్నాడు. నేను నమ్మలేదు. ముసలాడు బాధపడతాడని అబద్ధమాడుతున్నాడనుకున్నాను." ఆయన నా వంక చూశారు. "ఆయన అబద్ధమాడుతున్నాడనుకున్నాను అల్లుడూ. నిన్ను అనుకోలేదు."

నాకు ఏడుపొచ్చింది. నలభై నాలుగేళ్లవాణ్ణి, తారు చేతులతో కళ్లు తుడుచుకుని మొహమంతా మసి చేసుకున్నాను. ఆయన నన్ను ఓదార్చలేదు. స్టూలు ముందుకి లాక్కుని మూడో కాగితం మీద అయస్కాంతం తిప్పడం మొదలుపెట్టారు.

ముక్క నాలుగో కాగితం మీద దొరికింది. తారు ముద్దలో కూరుకుపోయి ఉంది. ఆయన దాన్ని గుడ్డతో తుడిచి స్క్రేపర్ చివర ఆనించి చూశారు. సరిగ్గా అతికింది. ఇంకే ముక్కా విరగలేదన్నమాట. తరవాత అద్దం, లైటు తీసుకుని మూడో పోర్టులోకి చూశారు. నన్నూ చూడమన్నారు. రెండు వాల్వులూ గట్టిగా మూసి ఉన్నాయి. పొద్దున ఆయన చూసే ఉన్నారు. చూశానని నమ్మడానికి ధైర్యం లేకపోయింది, అంతే.

"సుద్ద ఇలా ఇవ్వు" అన్నారు. ఇచ్చాను. "ఇక నువ్వు బయట కూర్చో. నాలుగోది నేను గీకుతాను. బిగించేది కూడా నేనే."

"మామయ్యా, మ్యానిఫోల్డ్ బరువు, ఒక్కరే..."

"ఒక్కణ్ణే. బయట కూర్చో."

ఆ షెడ్డులోంచి నన్ను ఎవరూ ఎప్పుడూ అలా పంపలేదు. బయటికి వచ్చి మెట్టుమీద కూర్చున్నాను. అక్క తన గ్లాసు తీసుకుని వచ్చి పక్కన కూర్చుంది.

"బాబాయ్‌గారు ఒక్కరే బిగిస్తున్నారా?"

"అవును."

"ఇందాక నువ్వే అన్నావు, ఒక ఇంజన్ పోగొట్టారని..."

"అబద్ధమక్కా. ఆ ఇంజన్ పోగొట్టింది నేను. రెండేళ్లుగా ఆ తప్పు ఆయన మీద పెట్టి బతికాను. ఇందాక నీ ముందు ఆయన్ని అన్నవన్నీ నాకు తగలాల్సిన మాటలు."

అక్క నన్ను ఎగాదిగా చూసింది. "మొహం కడుక్కో, పిల్లలు చూస్తే జడుసుకునేలా ఉన్నావు" అంది.

లోపల గీకుడు చప్పుడు చాలాసేపు వినిపించింది. తరవాత వాక్యూమ్. తరవాత రాచెట్ స్పానర్ టకటకలు, ఒకటి ఆగి ఇంకోటి, తొందర లేకుండా. నేను చేస్తే ఇందులో సగం సేపు పడుతుంది. ఒకసారి ఏదో ఇనుప వస్తువు నేలమీద పడి దొర్లిన చప్పుడైంది. నేను సగం లేచాను. అక్క నా భుజం పట్టి కూర్చోబెట్టింది. లోపల టార్చి వెలుగు నేలంతా పాకింది, నడుము వంచినప్పుడు ఆయన మూలుగు వినిపించింది, మళ్లీ టకటకలు మొదలయ్యాయి. ఎంతసేపు వెతికారో నేను చెప్పలేను. దొరికిందాకా వెతికారు.

ఎండ వాలుతుండగా ఇంజన్ స్టార్టయింది. మొదట ఒక గుప్పెడు నల్ల పొగ కక్కింది, తరవాత మామూలైంది. మామయ్య అక్కని పక్కన కూర్చోబెట్టుకుని వంతెనదాకా తనే నడిపి తీసుకెళ్లారు. నన్ను రమ్మనలేదు. పావుగంటకి తిరిగొచ్చారు. అక్క మొహం వెలిగిపోతోంది.

"ఎత్తు మీద నన్ను సీటుకి అతుక్కుపోయేలా లాగింది తమ్ముడూ!"

"పిల్లలు లేనప్పుడు వారానికోసారి పెద్ద రోడ్డు మీద అరగంట గట్టిగా పరిగెత్తించమ్మా" అన్నారు మామయ్య, దిగుతూ. "ఆర్నెల్లకోసారి తీసుకురా, ఇంత పట్టకముందే చూద్దాం."

అక్క వెళ్లిపోయింది. ఆయన చేతులు కడుక్కున్నారు, చొక్కా మార్చుకున్నారు. నేను తలుపు పక్కన నిలబడి ఉన్నాను. రేపు వస్తారా అని అడగాలి, అడిగే హక్కు నాకు లేదు. రోజూ ఇద్దరం ఒకే బండి మీద ఇంటికి వెళ్తాం. ఆ రోజు ఆయన నా బండి వైపు చూడకుండా రోడ్డు వైపు నాలుగడుగులు వేసి ఆగారు.

"రేపు పొద్దున్నే ఆ పాలాయన ఇంటికి వెళ్లు. నాకు చెప్పినట్టే ఆయనకీ చెప్పు. అది చెప్పాకే షెడ్డులో అడుగు పెట్టు."

"సరే మామయ్యా."

"ఆలస్యమైనా ఫర్వాలేదు. తలుపులు నేను తీస్తాను."